తిట్ల వాయనం

తార్నాక వాస్తవ్యులు, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పత్రికల విభాగం సూపరింటెండెంటు శ్రీ పార్థసారథి గారు 2009వ సంవత్సరం వినాయక చవితి నాడు, వర్జ్యం పోయాక, "దప్పళం గిన్నె" అనే బ్లాగును ప్రారంభించి యావత్తు తెలుగు జాతికి అంకితం చేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అంకితం పుచ్చుకున్న సంగతి తెలుగు జాతికి ఆ రోజు తెలియలేదు. నెల తిరిగినా తెలియలేదు. అందువల్ల జాతి కుంగిపోయిన దాఖలాలు కూడా ఏమీ లేవు.

బ్లాగంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. అచ్చు వేసేవాడు దొరకని మనిషి తానే రాసి, తానే ప్రచురించి, తానే చదువుకునే సదుపాయం. ఆ రోజుల్లో హైదరాబాదులో రాయడం వచ్చిన ప్రతివాడికీ ఒక బ్లాగుండేది. రాయడం రానివాళ్లకు రెండేసి ఉండేవి. పార్థసారథి గారు వంటల గురించి రాయాలని నిశ్చయించుకున్నారు. ఆయన జన్మలో పొయ్యి వెలిగించలేదు కనక వంట విషయంలో ఆయనకు చాలా స్పష్టమైన అభిప్రాయాలుండేవి.

పత్రికల విభాగంలో జుట్టు నెరిసిన మనిషికి, ఎవరూ చదవని రచనలంటే కొత్తేమీ కాదు. కట్టలు కట్టి, దుమ్ము దులిపి, చెదలమందు కొట్టించి ఎన్నిటినో కాపాడారు. అయితే అవన్నీ పరాయివాళ్లవి. మన కాలికి గుచ్చుకున్నప్పుడే ముల్లు ముల్లని తెలుస్తుంది. బ్లాగు అడుగున ఎంతమంది వచ్చారో చూపించే మీటరొకటి పెట్టించి, పొద్దున పళ్లు తోముకోకముందే దాని ముఖం చూసేవారు. అది ఆయన ముఖం చూసేది కాదు.

ఆయన బాధ చూడలేక రోజూ తప్పకుండా వచ్చి చదివే పాఠకుడు ఒక్కడుండేవాడు. ఆ ఒక్కడు రాజలింగు. అదే విభాగంలో అసిస్టెంటు, పైగా పార్థసారథి గారి ఇంట్లోనే పై వాటాలో అద్దెకున్న మనిషి. హుజూరాబాదు దగ్గర పల్లెటూరి రైతు కొడుకు. ఏళ్ల తరబడి ఇద్దరిదీ ఒకే స్కూటరు, ఒకే బల్ల మీద మధ్యాహ్న భోజనం. రాజలింగు డబ్బాలో జొన్నరొట్టె పార్థసారథి గారు తింటారనీ, పార్థసారథి గారి డబ్బాలో పులుసు రాజలింగు వేలితో తుడిచి నాకుతాడనీ గ్రంథాలయంలో అందరికీ తెలుసు. పార్థసారథి గారికి పెళ్లిళ్లలో కనిపించే బంధువులు కొల్లలుగా ఉన్నారు గాని, వేళకాని వేళ గుండెల్లో నొప్పి వస్తే తలుపు తట్టగలిగిన మనిషి ఆ పై వాటా మనిషొక్కడే. ఈ సంగతి ఆయనకు బాగా తెలుసు. తెలిసి కూడా ఏం చేశారన్నదే ఈ కథ.

తార్నాకలో ఒక టిఫిన్ సెంటరు పైన, ట్యూషన్లు చెప్పే గదిలో, బుచ్చిబాబు గారనే బ్లాగు నిపుణులు "బ్లాగు వికాస శిబిరం" నడిపేవారు. కింద నుంచి దోసెల వాసన, పైన జ్ఞానం. పార్థసారథి గారు ముందు వరసలో కూర్చున్నారు.

"నాయనలారా, తల్లులారా!" అన్నారు బుచ్చిబాబు గారు. "బ్లాగు పెట్టి ఇంట్లో కూర్చుంటే ఎవరండీ వచ్చేది? లంకెలు కావాలి, లంకెలు! లంకె అంటే ఏమిటి? సంబంధం! మీ గుమ్మం నుంచి వాళ్ల గుమ్మానికి బాట! పిలవని పేరంటానికి ఎవరొస్తారు? గుమ్మం గుమ్మానికీ వెళ్లి పిలవండి! వాళ్లు మీ ఇంటికొస్తారు, మీరు వాళ్ల ఇంటికెళ్తారు! ఇదే ఇంటర్నెట్! దీన్ని కనిపెట్టింది తెల్లవాళ్లని ఎవరన్నారు? మన అమ్మమ్మలు!"

బుచ్చిబాబు గారు చెప్పింది కంప్యూటరులోని గుమ్మాల సంగతి. ఆ ముక్క విడిగా చెప్పాలని ఆయనకు తోచలేదు. పార్థసారథి గారు ఇంటికొచ్చి, భార్య వేదవతి గారి చేతికి కుంకుమభరిణె ఇచ్చి, వెంటబెట్టుకుని తార్నాక వీధులన్నీ తిరిగారు. "శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో బ్లాగు చూడ్డానికి తప్పకుండా రావాలి" అని బొట్టు పెట్టి మరీ పిలిచారు. దసరా రోజులు. బొమ్మల కొలువుకు పిలిస్తే కాదనని కాలనీ, బ్లాగంటే కొలువులో ఏదో కొత్త రకం కాబోలనుకుని పట్టుచీరలు కట్టుకుని కదిలివచ్చింది.

కంప్యూటరుకు బంతిపూల దండ వేశారు. పేరంటాళ్లు ఒక్కొక్కరే కుర్చీలో కూర్చుని, తెర మీద ఆనపకాయ బొమ్మ చూసి, లేచి శనగలు తీసుకున్నారు. "బాగుందమ్మా, ఎక్కడ కొన్నారు?" అన్నారు కొందరు. ఒక ముసలావిడ చెప్పులు బయట విడిచి వచ్చి చేతులు జోడించింది. పై వాటా నుంచి రాజలింగు భార్య బాలలక్ష్మి దిగివచ్చి తాంబూలాలు అందించింది. ఇల్లు పట్టనంత జనం. అందరూ వెళ్లాక పార్థసారథి గారు చెమట తుడుచుకుని మీటరు చూస్తే ఆ సాయంత్రానికి ఒకే ఒక్క సందర్శకుడు నమోదై ఉన్నాడు. మీటరు మనుషుల్ని లెక్కపెట్టదనీ, కంప్యూటర్లను లెక్కపెడుతుందనీ బుచ్చిబాబు గారు ఫోనులో వివరించారు.

"బిందెడు శనగలు నానబోశాను," అన్నారు వేదవతి గారు. "బిందెడు!"

ఆ తర్వాత పార్థసారథి గారు సరైన గుమ్మాలు పట్టుకున్నారు. ప్రతి బ్లాగుకూ వెళ్లి "చాలా బాగుందండీ, ఇలాంటివి మరిన్ని ఆశిస్తున్నాం, మా దప్పళం గిన్నె కూడా ఓసారి చూడగలరు" అని వ్యాఖ్య వదిలేవారు. చదవడానికి వ్యవధి ఎక్కడిది? ఒకాయన తన నాయనమ్మ పోయిన సంగతి రాసుకున్న చోట కూడా ఇలాంటివి మరిన్ని ఆశించి వచ్చారు. అది రాసుకున్నాయనేమీ నొచ్చుకోలేదు. ఈయన ఆనపకాయ మీద రాసిన టపా కింద "మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాం" అని బదులు తీర్చుకున్నారు. బ్లాగు లోకంలో మర్యాద ఆ స్థాయిలో ఉండేది. పక్కన "మా ఆత్మీయులు" అని లంకెల వరస పెడితే, తన పేరు కింద వేశారని ఒక కవి, శుభలేఖలో పేరు మరిచిపోతే అలిగే మేనమామలాగా అలిగి లంకె తెంచుకుపోయాడు. ఇంత చేసినా మీటరు ముసలి ఎద్దు నడక నడిచేది.

ఈలోగా ఊరు వేడెక్కింది. క్యాంపస్ గేట్ల ముందు ముళ్లకంచెలు లేచాయి. అడిక్‌మెట్ గదుల్లో పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలు పుస్తకాలు మూసి రోడ్డెక్కారు. డిసెంబరులో ఢిల్లీ ఒకనాడు తెలంగాణ రాష్ట్రం ఇచ్చింది, నెల తిరక్కుండానే ఆలోచించి చెబుతామంది. బస్సులు ఆగాయి, మనుషుల మధ్య మాటలు ఆగాయి. సరిగ్గా ఆ వారం పార్థసారథి గారు "ఆనపకాయ దప్పళంలో బెల్లం ఎంత వేయాలి?" అనే టపా రాశారు. దాని కింద రాజలింగు, రోజూ పెట్టేటట్టే, నిష్కల్మషంగా ఒక వ్యాఖ్య పెట్టాడు: "సారూ, మా దిక్కు పులుసుల బెల్లం ఎయ్యరు. బెల్లం తినాల్ననిపిస్తె పాయసం వండుకుంటం."

పొద్దున లేచి చూస్తే దాని కింద వందల వ్యాఖ్యలు.

"అరవై ఏళ్లుగా మా పులుసుల మీ బెల్లం కలుపుతనే ఉన్నరు" అని ఒకరు. "పులుసు పెట్టడం నేర్పిందే మేము" అని ఇంకొకరు. "నేర్పుమని ఎవరు పిలిచిండ్రు?" "పిలిస్తేనే వచ్చాం, ఒప్పందం తీసి చూసుకోండి." "బెల్లం కామారెడ్డిది, పేరు అనకాపల్లిదా?" "విడిపోతే మీకు చింతపండు ఎక్కణ్నుంచి వస్తుంది?" "కలిసుంటే మాకు పులుసే మిగుల్తలేదు గద!" బెల్లం పంపకాలపై విశ్రాంత న్యాయమూర్తితో కమిటీ వేయాలని ఒక మితవాది కోరాడు. ఆయన్ని ఇరుపక్షాలూ తిట్టాయి. ఆనపకాయ ముక్కలు ఏ మేరకు తరగాలో ఒక్కరూ అడగలేదు.

రాజలింగు గాబరాగా మెట్లు దిగి వచ్చాడు. "సారూ, తప్పయింది. గా ముక్క తీసేస్త."

"తీశావంటే ఊరుకోను," అన్నారు పార్థసారథి గారు మీటరు మీంచి చూపు తిప్పకుండా. అది పరుగెత్తుతోంది.

ఆ రోజు మామూలు దారి పోలీసులు మూసేశారు కనక ఇద్దరూ మాణికేశ్వర్ నగర్ సందుల్లోంచి స్కూటరు తోసుకుంటూ ఆఫీసుకు పోయారు. ఒప్పందం ఆ సందుల్లోనే కుదిరింది. రాజలింగు కూడా ఒక బ్లాగు పెట్టాలి. పేరు "పచ్చిపులుసు". అందులో రోజూ పార్థసారథి గారిని ఒక తిట్టు తిట్టి, తిట్టు కింద దప్పళం గిన్నెకు లంకె పెట్టాలి. మర్నాడు పార్థసారథి గారు జవాబుగా ఒకటి తిట్టి, పచ్చిపులుసుకు లంకె పెడతారు.

"తిట్టుడెందుకు సారూ? మంచిగనే రాస్కోవచ్చు గద?"

"మంచిగా రాసి చూశాం కదయ్యా. ఎవరొచ్చారు?"

రాజలింగు ఆలోచించాడు. తన పేరు అతను అచ్చులో చూసుకుంది పెళ్లి శుభలేఖ మీద ఒక్కసారే. తన ఒక్క ముక్కకు ముందురోజు వందలమంది కదిలివచ్చిన సంగతి అతని మనసులోనూ ఎక్కడో తియ్యగా ఉంది. పైగా అడుగుతున్నది సారు. "సరే తియ్యుండ్రి" అన్నాడు.

ఆ విధంగా ఇరు ప్రాంతాల మధ్య చరిత్రాత్మకమైన సాహిత్య సంఘర్షణ మొదలైంది. అది రోజూ సాయంత్రం పార్థసారథి గారి భోజనాల బల్ల దగ్గర, ఒకే కంప్యూటరు మీద, వేదవతి గారు పెట్టిన టీ తాగుతూ జరిగేది. చిక్కంతా సరుకు దగ్గరే వచ్చేది. పార్థసారథి గారు పుట్టింది లాలాగూడా రైల్వే ఆసుపత్రిలో, పెరిగింది రైల్వే క్వార్టర్లలో. కోస్తాలో తాతల ఊరు రేపల్లె చూసింది పెళ్లిళ్లకే. ఆంధ్రావాళ్లు తెలంగాణవాళ్లని ఏమని తిడతారో ఆయనకు తెలియదు. రాజలింగే పాపం తాను పడ్డవి గుర్తు తెచ్చుకుని చెప్పేవాడు. అతనికి కావలసిన తిట్ల కోసం పార్థసారథి గారు రేపల్లెలో మేనమామకు ఫోను చేసి, మనల్ని బయటివాళ్లు ఏమంటుంటారు మామయ్యా అని వినయంగా అడిగి రాసుకునేవారు.

"ఇది జర ఎక్కువైతదేమో సారూ?"

"పర్లేదు, కొట్టు. నేను రేపు ఇంకో రెండు వేస్తాగా."

"ఇస్తినమ్మ తిట్టు, పుచ్చుకుంటినమ్మ తిట్టు," అన్నారు వేదవతి గారు కప్పులు తీస్తూ. "చివర్న కుంకుమ కూడా పెట్టమంటారా?" పళ్లెంలో పెట్టి పంచుకోవడమొక్కటే తక్కువ, మిగతాదంతా వాయనమే. ఇద్దరి మీటర్లూ మోత మోగాయి. బుచ్చిబాబు గారు తన శిబిరంలో ఈ రెండు బ్లాగులనూ ఆదర్శంగా చూపడం మొదలుపెట్టారు.

ఒక్కసారి మాత్రం రాజలింగు ఒప్పందం తప్పాడు. ఆ రోజు క్యాంపస్‌లో బాష్పవాయువు గోళాలు పేలాయి. పొగ గ్రంథాలయం కిటికీల దాకా వచ్చింది. హాస్టళ్లలో మెస్సులు మూసేశారు. మాణికేశ్వర్ నగర్ ఆడవాళ్లు అన్నం మూటలు కట్టుకొచ్చి గోడ మీంచి పిల్లలకు అందిస్తుంటే రాజలింగు కళ్లారా చూశాడు. బుచ్చవ్వ అనే ముసలమ్మ, కళ్లు తెరవలేకపోతున్న పిల్లవాడి నోట్లో ముద్ద పెడుతూ, "తిను బిడ్డా, కండ్లు తెర్వకున్న నోరు తెరువు" అంటోంది. రాజలింగు ఇంటికొచ్చి అది ఉన్నదున్నట్టు రాశాడు. అందులో తిట్టు లేదు, లంకె లేదు. పార్థసారథి గారు దాన్ని రెండుసార్లు చదివారు. ఆయన నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నారు.

దాన్ని చదివినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లలో ఒకరు, "ఇందులో బెల్లం ఊసే లేదేంది? అమ్ముడుపోయినవా?" అని అడిగారు. మిత్రుడి మీటరు పడిపోవడం చూసి తట్టుకోలేక పార్థసారథి గారు మర్నాడు అతణ్ని రెట్టింపు తిట్టారు. పోయిన పాఠకులంతా తిరిగొచ్చారు. "థాంక్స్ సారూ" అన్నాడు రాజలింగు. ఆ మధ్యాహ్నం మాత్రం పులుసు ముట్టలేదు.

ఏడాది గడిచేసరికి ఇద్దరూ ప్రముఖులయ్యారు. ఆ రోజుల్లో జేఏసీ లేని కులం లేదు, వృత్తి లేదు. పచ్చిపులుసుకు కూడా ఒకటి ఏర్పడింది. దాని కన్వీనరు గట్టయ్య. అటువైపు ముషీరాబాదులో ఆత్రేయ అనే ఆయన అధ్యక్షతన దప్పళం పరిరక్షణ వేదిక వెలిసింది. వీళ్లిద్దరికీ వంట రాదు. సన్మానాలు జరిగాయి. "వెయ్యేళ్ల తెలుగు సంస్కృతిని ఒక్క బెల్లంముక్కలో ఇమిడ్చిన మహామనీషి!" అని ఆత్రేయ గారు మైకులో పార్థసారథి గారిని కీర్తించారు. "మా పులుపును మాకు మిగిల్చిన పోరాటయోధుడు!" అని గట్టయ్య ఇంకో హాల్లో రాజలింగుకు శాలువా కప్పాడు. ఆ శాలువాలు రెండూ సాయంత్రం ఒకే స్కూటరు మీద ఇంటికొచ్చాయి.

కొంప మునగడానికి అభిమానమే చాలు. ఒక ఆదివారం ఆత్రేయ గారు మహామనీషిని ప్రత్యక్షంగా దర్శించుకుందామని చిరునామా పట్టుకుని తార్నాక వచ్చి తలుపు తట్టారు. తలుపు తీసింది రాజలింగు. లుంగీ కట్టుకుని, చేతిలో దప్పళం గిన్నె, మీసానికి దప్పళం. బ్లాగులో ఫోటో పెట్టిన ముఖం కావడంతో గుర్తుపట్టడం కష్టం కాలేదు. ఆత్రేయ గారు తెచ్చిన పూలదండ తిరిగి సంచిలో పెట్టుకున్నారు.

ఆ రాత్రికల్లా రెండు లోకాలూ అట్టుడికిపోయాయి. శత్రువుకి ఇల్లు అద్దెకిచ్చినవాడు మనవాడెలా అవుతాడని ఒక పక్షం, శత్రువు కప్పు కింద పడుకునేటోడు మనోడెట్లయితడని ఒక పక్షం. మర్నాడు గట్టయ్య గ్రంథాలయానికే వచ్చాడు. "అన్నా, నువ్వు ఖాళీ చేస్తవా, మేమే వచ్చి చేపియ్యాల్నా?" అని ఆత్మీయంగా అడిగాడు. ఆత్రేయ గారు ఫోనులో, "ఆదివారం లోపు ఆ వాటాకు తాళం పడకపోతే మీ లంకెలన్నీ తీయించేస్తాం" అన్నారు. ఇది విన్నాక పార్థసారథి గారు పై వాటా మెట్లెక్కారు.

"ఉత్తుత్తిగానే పోదువుగాని," అన్నారు రాజలింగుతో. "వేడి తగ్గాక వచ్చేద్దువు. నీ వాటా నీకే ఉంటుంది."

"అడిక్‌మెట్ల ఒక ఇల్లున్నదట," అన్నాడు రాజలింగు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఆడవాళ్లకు నాటకం నచ్చలేదు. "మీ మొగోళ్ల కంప్యూటర్ల లొల్లికి నేనెందుకు ఇల్లు ఇడువాలె అక్కా?" అని బాలలక్ష్మి వేదవతి గారి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. వేదవతి గారు ఆ సాయంత్రం భర్తను నిలబెట్టి అడిగారు. "రేపు ఆటో వచ్చినప్పుడు మీరు 'ఆగు' అంటే చాలు. ఆ ఒక్క మాటకే అతను ఆగిపోతాడు. ఇన్నాళ్లూ వాళ్లు ఈ ఇంట్లో మనుషుల్లా ఉన్నారా, మీ మీటర్లో అంకెల్లా ఉన్నారా?"

"అంటాను," అన్నారు పార్థసారథి గారు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ రాత్రి మంచం మీద ఆ మాటను రకరకాలుగా అనుకుని చూసుకున్నారు.

పొద్దున గేటు ముందు రెండు జనసందోహాలు. కుడివైపు బెల్లం, ఎడమవైపు పులుపు. జెండాలు, కెమెరాలు, మధ్యలో ట్రాలీ ఆటో. బీరువా దిగింది, మంచాలు దిగాయి, తులసి కుండీ దిగింది. చివర రాజలింగు దిగి గేటు దగ్గర ఆగాడు. చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, అవసరానికి మించి వంగే ఉన్నాడు. ఆటో ఎక్కిన బాలలక్ష్మి వరండా వైపే చూస్తోంది.

పార్థసారథి గారు వరండాలోకి వచ్చారు. నోరు తెరిచారు. ఆ నోటి ముందుకి ఆత్రేయ గారు మైకు పెట్టారు.

ఇన్నాళ్లూ అంకెలుగానే చూసిన పాఠకులు మొదటిసారి ముఖాలతో, చేతులతో, చప్పట్లకు సిద్ధంగా ఎదురుగా నిలబడి ఉన్నారు. వాళ్లంతా తన కోసం వచ్చినవాళ్లు. 'ఆగు' అన్న మాట నాలుక మీదే ఉంది. తీరా మైకులోంచి బయటికొచ్చింది వేరు. "నా ఉప్పు తిని, నా బెల్లాన్ని నిందించిన ఈ కృతఘ్నుడికి నా గడపలో చోటు లేదు!" అన్నారు పార్థసారథి గారు. చప్పట్లు మిన్నంటాయి. గట్టయ్య వెంటనే రెండో మైకు రాజలింగు చేతిలో పెట్టాడు. రాజలింగు కూడా బాగా మాట్లాడాడు. అతను వాడిన తిట్లలో మంచివి చాలామటుకు సారు సంపాదించి పెట్టినవే. మాట్లాడటం అయ్యాక ఆటో అడిక్‌మెట్ వైపు వెళ్లిపోయింది. వేదవతి గారు లోపలికి వెళ్లి వంటింటి తలుపు వేసుకున్నారు.

ఆ రోజు టపాకు వచ్చినంతమంది పాఠకులు తెలుగులో ఏ వంటల బ్లాగుకూ రాలేదని బుచ్చిబాబు గారు ధ్రువీకరించారు.

తర్వాత ఆఫీసులో భోజనాల బల్లకి ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు కూర్చోవడం మొదలైంది. అటెండర్లలో కూడా అభిమానులున్నారు కనక పలకరింపులకు వీల్లేదు. పై వాటాకు "అద్దెకు ఇవ్వబడును" బోర్డు పెట్టలేదు. పైన ఎవరో నడిచినట్టనిపించి పార్థసారథి గారు తల పైకెత్తి చూసేవారు. ఏమీ తోచేది కాదు. తిట్లు మాత్రం వేళకు నడుస్తున్నాయి. ఇప్పుడు ఎవరివి వాళ్లే, ఎవరింట్లో వాళ్లు కూర్చుని రాసుకుంటున్నారు. చిత్రమేమంటే, వాటిలో కొన్ని నిజంగానే గుచ్చుకుంటున్నాయి.

ఒక ఆదివారం ఉండబట్టలేక ఆయన ఉన్నదంతా రాశారు. తిట్లు ఎవరు ఎవరికి అందించారో, ఆ రోజు తన నాలుక మీద ఏ మాట ఉండిపోయిందో, రాజలింగు లేని ఇంట్లో తనకెలా ఉందో, దాపరికం లేకుండా రాశారు. ఆయన జీవితంలో బాగా రాసింది ఏదైనా ఉంటే అదొక్కటే. ఢిల్లీ పెద్దలు ఎన్ని అఖిలపక్షాలు పెట్టినా సాధించలేని ఐక్యతను ఆ టపా గంటలో సాధించింది. రెండు ప్రాంతాలవాళ్లూ ఏకకంఠంతో ఇద్దర్నీ ద్రోహులన్నారు. గట్టయ్య వ్యాఖ్యను ఆత్రేయ గారు మెచ్చుకున్నారు. ఆత్రేయ గారి వ్యాఖ్యకు గట్టయ్య నమస్కారం పెట్టాడు.

సాయంత్రం రాజలింగు ఫోను చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"సారూ, పొద్దుగాల చదివిన. మళ్ల చదివిన. బాలలక్ష్మికి సుత చదివి వినిపిస్తె ఏడ్సింది. మస్తు మంచిగ రాసిండ్రు. కింద నేను గూడ రెండు ముక్కలు రాద్దామనుకున్న గనీ చెయ్యి ఆడలే. మావోళ్లు చూస్తరు."

"పర్లేదయ్యా," అన్నారు పార్థసారథి గారు. "ఇప్పుడు రాద్దామన్నా అక్కడ ఏమీ లేదు. మధ్యాహ్నమే తీసేశాను. మావాళ్లు చూశారు."

ఫోను ఎవరూ ముందు పెట్టలేదు. తర్వాత ఇద్దరూ పెట్టేశారు.

ఆ టపా ఇప్పుడు వెతికినా దొరకదు. తిట్లు మాత్రం ఒక్క అక్షరం పోకుండా భద్రంగా ఉన్నాయి, లంకెలన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. చిరునామా ఇక్కడ ఇవ్వడం లేదు. ఇవ్వకపోయినా, ఇది ముగించగానే మీరు వెతకబోయేది వాటినేనని తెలుసు. అందులో మీ తప్పేమీ లేదు. ఇంత దూరం ఓపికగా చదువుకుంటూ వచ్చింది కూడా, ఈ కథ రాసినవాడు ఏ ప్రాంతంవాడో ఎక్కడో ఒకచోట బయటపడకపోతాడా అనే కదా.